గృహనిర్వాహము: ఇంటర్నెట్టు పెట్టెలు

ఇంటర్నెట్టు మందగించినంతనే మఱియొక పెట్టెను కొని తగిలించుట నేడు పెక్కు గృహములందు వాడుకయైనది. కంపెనీవారిచ్చిన రూటరొకటి, బజారున కొన్నదొకటి, పడకగదిలో రిపీటరొకటి. ఇన్ని యున్నను పిల్లల పాఠము నడుమ నిలిచిపోవును; దూరదేశమందలి కుమార్తె ముఖము తెరపై కదలకుండును. సోదరీమణులు పెట్టెలను పెంచుటకు మాఱు తగ్గించి చూడవలెనని మా మనవి.

చౌక రిపీటరులు పెక్కింటికి రేడియో యొక్కటే. విన్నదానిని మరల తానే పలుకవలెను గనుక వేగము సుమారు సగమగును. రెండు రూటరులు ఒకదాని వెనుక నొకటి యున్నచో చిరునామాలు రెండుమార్లు మాఱి చిక్కులు కలుగును.

కావున మొదట కంపెనీ రూటరును మాత్రముంచి, కంప్యూటరును దానికి తీగతో కలిపి వేగము కొలువుడు. అచ్చట తక్కువైనచో కంపెనీవారికి ఫిర్యాదు చేయవలెను. సరిగా నున్నచో లోపము ఇంటిలోనిదే. హెచ్చు వెల ప్లాను తీసికొన్నను ఫలముండదు.

రూటరును ఇనుప బీరువా చాటునను, మైక్రోవేవు ఓవెను చెంతను ఉంచరాదు. ఇంటి నడుమ ఎత్తున నుంచుడు. దగ్గరి గదులకు 5 గిగాహెర్ట్జులు వేగవంతము. గోడల కావలికి 2.4 గిగాహెర్ట్జులు మేలు.

అప్పటికిని దూరపు గదికి అందనిచో, అచ్చటికి తీగ లాగించి, తొలగించిన రెండవ రూటరునే యాక్సెస్ పాయింటుగా మార్చి పెట్టించుకొనవచ్చును. క్రొత్తది కొననక్కఱలేదని మేము చెప్పుట యిందుకే.