మార్కుల నమోదుతో ఆపవద్దు, వెనుకబడిన పిల్లలకు అదనపు బోధన ఇప్పించండి

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

సమర్పించువారు: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల విద్యార్థుల తల్లిదండ్రులు

విషయం: పరీక్షల్లో వెనుకబడినట్టు తేలిన పిల్లలకు అదనపు బోధన, అందుకు తగిన సిబ్బంది, సమయం కేటాయించాలని విన్నపం.

అయ్యా,

మా పిల్లలకు ఏటా నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు (ఎఫ్‌ఏలు), రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు (ఎస్‌ఏలు) జరుగుతున్నాయి. 2022-23 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ‘తొలిమెట్టు’ కార్యక్రమం కింద చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షలు కూడా తోడయ్యాయి. ప్రతిసారీ మార్కులు రిజిస్టరుకెక్కుతున్నాయి, టీచర్ల ఫోన్ల నుంచి ఆన్‌లైన్‌లోకి వెళుతున్నాయి. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలిశాక వాడికి అదనంగా ఏం అందిందని అడిగితే మాత్రం జవాబు దొరకడం లేదు. మా బాధంతా ఇదే.

నాలుగో తరగతి చదివే ఒక అబ్బాయి 52లోంచి 38 తీసేయమంటే 26 అని రాశాడు. 8లోంచి 2, 5లోంచి 3 తీసేశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడం వాడికి వచ్చు. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడమే రాదు. పది పుల్లల కట్ట ఒకటి విప్పి చూపిస్తూ నేర్పితే వాడికి అందే సంగతే ఇది. వాడి ప్రగతి పత్రంలో గణితం ఎదురుగా ‘సి’ అని ఉంది. అదే తరగతి అమ్మాయి గుణింతాలు తడబడకుండా చదువుతుంది, ఒత్తు దగ్గర ఆగిపోతుంది. ‘అక్క’ అని ఉంటే ‘అక’ అంటుంది. తెలుగులో ఆమెకూ ‘సి’. ఎవరికి ఏం నేర్పాలో ఆ గ్రేడు చెప్పదు, వాళ్లు రాసిన జవాబులే చెబుతాయి. ఆ జవాబుపత్రాలేమో మూటకట్టి బీరువాలో పడి ఉంటున్నాయి.

ఇందులో మా టీచర్లను తప్పుపట్టడం లేదు. ఇద్దరే ఐదు తరగతులు నడుపుతున్నారు. ఒకరు శిక్షణకు వెళితే బడి మొత్తం ఇంకొకరి మీదే పడుతుంది. పత్తి ఏరే రోజుల్లో కొందరు పిల్లలు బడికి రారు. తిరిగి వచ్చేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి. హాజరు రోజూ నమోదవుతున్నా, తప్పిపోయిన పాఠాలు మళ్లీ చెప్పే వేళ టైంటేబుల్‌లో లేదు.

విద్యాహక్కు చట్టం, 2009లోని సెక్షన్ 24(1)(డి) ప్రకారం ప్రతి విద్యార్థి అభ్యసన సామర్థ్యాన్ని మదింపు చేసి, అవసరమైతే అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుల విధి. మా బడిలో మదింపు జరుగుతోంది, అదనపు బోధన జరగడం లేదు. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా చదవడం, రాయడం, ప్రాథమిక లెక్కలు నేర్చుకోవాలని, 2026-27 నాటికి ఈ లక్ష్యం చేరాలని 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలైంది. ఇప్పటికే మూడో తరగతి దాటిపోయి, ఇంకా చదవలేకపోతున్న పిల్లలను కూడా వదిలేయవద్దని ప్రాధేయపడుతున్నాం.

మా కోరికలు:

1. ప్రతి పరీక్ష తర్వాత మార్కులతో పాటు, పిల్లలు ఏ అంశంలో ఆగిపోయారో ఒక్క పేజీలో రాసి బడిలోనే ఉంచాలి. రెండు వారాల్లో అదనపు బోధన మొదలుపెట్టాలి.

2. రోజూ ఒక పీరియడ్‌లో పిల్లలను తరగతినిబట్టి కాకుండా స్థాయినిబట్టి కూర్చోబెట్టి చదివించాలి. నెలకోసారి పరీక్షించి గుంపులు మార్చాలి.

3. వెనుకబడిన పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు ముందుగా టీచర్లను, లేదా విద్యా వలంటీర్లను ఇవ్వాలి.

4. ఒకే వివరాన్ని పలు ఫారాల్లో, యాప్‌లలో రాయించడం మాని, ఒక్కసారి నమోదుతో సరిపెట్టాలి. మిగిలిన సమయం పాఠానికి దక్కాలి.

5. తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టరు చూసి సంతకం పెట్టడంతో సరిపెట్టుకోకుండా, వెనుకబడిన పిల్లల చేత చదివించి, ఏం సాయం కావాలో టీచర్‌తో మాట్లాడాలి. తక్కువ ఫలితాలు నిజాయితీగా రాసిన టీచర్‌కు మెమో ఇవ్వకూడదు. మెమోల భయం ఉన్నచోట తప్పుడు అంకెలే పైకి వెళతాయి.

6. ప్రతి పిల్లవాడి ప్రగతిని వాడి తల్లిదండ్రులకు విడిగా, అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చదువు రాని తల్లులకు చదివి వినిపించాలి. పేర్లతో జాబితాలు గోడకు అంటించడం, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఆపాలి.

వచ్చే మూల్యాంకనం కంటే ముందే మొదటి మూడు కోరికలు అమలయ్యేలా ఆదేశాలు ఇచ్చి, తీసుకున్న చర్యలను 30 రోజుల్లో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
విద్యార్థుల తల్లిదండ్రులు