ఇరవై విమానాల షరతు, ముసాఫిర్ల అమానత్

రమజాన్ దగ్గర పడినా, వేసవి సెలవులు దగ్గర పడినా మన ఇళ్లలో ఒకటే ముచ్చట. జిద్దా టికెట్ ఎంతుంది? దుబాయ్ నుంచి బేటా పిల్లల్ని తీసుకుని రావాలంటే ఎంతవుతుంది? మా కాప్రాలోనే కాదు, కరీంనగర్, నిజామాబాద్, కడప, ఎక్కడ చూసినా మన ఇళ్లలో ఎవరో ఒకరు పర్‌దేస్‌లో ఉంటారు. కిరాయి విని అమ్మీ నోరు మూతపడుతుంది. దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరో ఒక మామూ అంటాడు: "మన కౌమ్‌లో ఇంతమంది పైసలున్నోళ్లు ఉన్నారు గదా. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు ఒక చిన్న ఎయిర్‌లైన్ పెట్టరేందిరా?"

సవాల్ జాయజే. దానికి జవాబు మాత్రం పైసల దగ్గర మొదలవదు, ఖానూన్ దగ్గర మొదలవుతుంది.

మన దేశంలో కొత్తగా పుట్టిన ఎయిర్‌లైన్ నేరుగా విదేశానికి ఎగరడానికి ఇజాజత్ లేదు. 2004లో పెట్టిన షరతు ప్రకారం ఐదేళ్లు దేశంలోనే తిరగాలి, చేతిలో 20 విమానాలు ఉండాలి. 2016 విమానయాన పాలసీలో ఐదేళ్ల షరతు తీసేశారు. ఇరవై మాత్రం ఉంది. 20 విమానాలు గానీ, మొత్తం సామర్థ్యంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత దేశంలోపల నడిపితేనే సరిహద్దు దాటనిస్తారు.

ఇప్పుడు సముద్రం అవతల చూడండి. షార్జా వారి ఎయిర్ అరేబియా 2003లో రెండంటే రెండు విమానాలతో మొదలైంది. అంత చిన్న దేశంలో దేశీయ రూట్లు ఎక్కడివి? పుట్టిన రోజు నుంచే విదేశీ రూట్లు. ఇవాళ అది మన శంషాబాద్‌కు వచ్చి మన వాళ్లనే ఎక్కించుకుని పోతోంది. వాళ్లు రెండింటితో మొదలుపెట్టి మన దగ్గరికి రావచ్చు, మనం మాత్రం ఇరవై పోగుచేస్తే గానీ వాళ్ల దగ్గరికి పోకూడదు. ఇదేం ఇన్సాఫ్? పైగా సర్కారీ ఎయిర్ ఇండియాకు బచ్చా కంపెనీగా పుట్టిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 2005లో కేరళ నుంచి నేరుగా గల్ఫ్‌కే ఎగిరింది. అదే కేరళ హుకూమత్ ఎయిర్ కేరళ పేరుతో సొంత ఖ్వాబ్ చూస్తే, ఈ షరతు దగ్గరే ఆగిపోయింది.

ఇరవై అంటే మాటలా? హిసాబ్ వేసుకుందాం. కొత్త కంపెనీ ఏదీ విమానం కొనదు, కిరాయికి తెస్తుంది. గల్ఫ్‌కు సరిపోయే ఎయిర్‌బస్ 320 రకం విమానానికి నెల కిరాయి మూడు లక్షల డాలర్లకు అటూ ఇటూ. ఇరవైకి అరవై లక్షల డాలర్లు. మన రూపాయల్లో నెలకు యాభై కోట్లు. మొదటి ఐదు విమానాలకు కంపెనీ చూపించాల్సిన మూలధనం కూడా యాభై కోట్లే! ఐదు విమానాల పూంజీ ఇరవై విమానాల ఒక నెల కిరాయికి చెల్లు. ఇంధనం, పైలట్ల జీతాలు, మరమ్మతులు, ఎయిర్‌పోర్ట్ ఫీజులు ఇంకా లెక్కలోకి రాలేదు. కిరాయి డాలర్లలో కట్టాలి, టికెట్ రూపాయల్లో అమ్మాలి. రూపాయి జారిన ప్రతిసారీ నుక్సాన్. విమాన ఇంధనం ఇంకా జీఎస్టీలోకి రాలేదు, దేశీయ ప్రయాణాలకు ఒక్కో రాష్ట్రం ఒక్కో రేటులో వ్యాట్ గుంజుతుంది.

అంటే ఖానూన్ ఏం చెబుతోంది? లాభం వచ్చే అవకాశమున్న గల్ఫ్ రూట్‌కు పోవాలంటే, ముందు దేశీయ రూట్లలో పెద్ద కంపెనీలతో కొట్లాడి, నష్టం భరించి, ఇరవై విమానాల దాకా బతికి చూపించు అంటోంది.

మన గడ్డ మీద ఈ హౌసలా కొత్తది కాదు. నిజాం రాజ్యం టాటాలతో కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి ఎగిరింది. 1953 జాతీయీకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. మన కాలంలో విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013 అక్టోబరులో మొదలైంది. మరుసటి ఏడాదే 50 కొత్త ఎంబ్రేయర్లకు ఆర్డర్ ఇచ్చింది. 2017 ఫిబ్రవరిలో కిరాయి బకాయిల దగ్గర ఆగిపోయింది. హైదరాబాద్ ట్రూజెట్ 2015లో చిన్న ఏటీఆర్ విమానాలతో కడప లాంటి ఊళ్లను కలిపింది. 2022లో అదీ నేల మీదికి వచ్చేసింది. రెండూ ఇరవై దరిదాపులకు కూడా చేరలేదు.

ఇక మన కౌమ్‌లో ఎవరూ లేరనే మాట సరికాదు. ప్రైవేటు ఎయిర్‌లైన్లకు తలుపు తెరుచుకుంటున్న రోజుల్లో, 1992లో, ఈస్ట్-వెస్ట్ ఎయిర్‌లైన్స్‌ను ఎగరేసింది కేరళ ముస్లిం తఖియుద్దీన్ వాహిద్. ట్రావెల్ ఏజెన్సీ తిజారత్ నుంచి వచ్చిన మనిషి. 1995 నవంబరులో ముంబైలో ఆయన్ని కాల్చి చంపారు. మరుసటి ఏడాది కంపెనీ మూతపడింది. అంటే మనలో జజ్బా లేక కాదు.

అందుకే నా రాయి ఇది: ఇరవై విమానాల షరతు పోవాలి. ఐదు విమానాలు భద్రంగా నడిపే కంపెనీని గల్ఫ్‌కు ఎగరనివ్వాలి. "అట్లయితే చిన్న ఊళ్లకు ఎవరు తిప్పుతారు?" అని హుకూమత్ అడుగుతుంది. దానికి ఉడాన్ పథకం, దాని సబ్సిడీ ఉన్నాయి కదా. ఆ బోజంతా కొత్తగా పుట్టినవాడి నెత్తిన ఎందుకు?

అయితే షరతు పోగానే కిరాయి సగమవుతుందని ఆశపడొద్దు. దుబాయ్‌కు వారానికి ఎన్ని సీట్లు అనేది రెండు దేశాల ఒప్పందంలో ఉంటుంది, ఒక్కో పక్షానికి దాదాపు 66 వేలు. ఆ వాటాలోంచి కొత్తవాడికీ హిస్సా దొరకాలి. ఇంకోటి, సెలవుల్లో అటు నుంచి నిండుగా వచ్చిన విమానం వెంటనే తిరిగి వెళ్లేటప్పుడు సగం ఖాళీ. ఆ ఖాళీ వాపసీ ఖర్చు కూడా మన బేటా టికెట్‌లోనే ఉంటుంది.

అసలు భయం వేరే ఉంది. చిన్న ఎయిర్‌లైన్ ఎవరి పైసలతో బతుకుతుంది? మన అడ్వాన్స్‌తో. మూడు నెలల ముందు కొన్న ఉమ్రా టికెట్ సొమ్ము ఇవాళ్టి ఇంధనానికి, నిన్నటి కిరాయికి పోతుంది. కంపెనీ నడిచినన్నాళ్లు ఎవరికీ తెలీదు. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు తెలిసింది. రెండూ గల్ఫ్‌కు ఎగిరినవే, రెండూ పెద్దవే. దివాలా లైన్‌లో బ్యాంకులు ముందు, ముసాఫిర్ ఎక్కడో వెనకాల. 2025లో పార్లమెంటు ఒక ఖానూన్ చేసింది, కిరాయికిచ్చిన విమానాన్ని దాని మాలిక్ త్వరగా వెనక్కి తీసుకుపోయేందుకు. మంచిదే, దానివల్ల విమానాలు కిరాయికి దొరకడం సులువవుతుంది. మరి విమానం మాలిక్‌కు హిఫాజత్ ఉంటే, టికెట్ కొన్న మజ్దూర్‌కు ఎందుకు లేదు?

మన లెక్కలో ప్రయాణం జరిగేదాకా ఆ సొమ్ము అమానత్. కంపెనీ సొంత ఆస్తి కాదు. దాన్ని బ్యాంకులో విడిగా తాళం వేసి ఉంచమంటే చిన్న కంపెనీకి ఊపిరాడదని వ్యాపారులు అంటారు. అందులో నిజముంది. దానికీ రాస్తా ఉంది. బ్రిటన్‌లో 1973 నుంచి అటోల్ అనే పద్ధతి నడుస్తోంది. విమానంతో కూడిన టూర్ ప్యాకేజీ కొన్న ప్రతి మనిషి తరఫున కంపెనీ రెండున్నర పౌండ్లు ఒక నిధికి కడుతుంది. కంపెనీ మునిగితే ఆ నిధి నుంచి సొమ్ము వాపస్ వస్తుంది, మధ్యలో ఇరుక్కున్నవాళ్లను ఇంటికి చేరుస్తారు. మన ఉమ్రా ప్యాకేజీలకూ, గల్ఫ్ టికెట్లకూ అలాంటి నిధి పెడితే టికెట్ మీద ఎక్కువ బోజ పడదు, భరోసా మాత్రం చాలా పెరుగుతుంది.

కాబట్టి రెండు మాటలూ కలిపే అడుగుదాం. షరతు ఒక్కటే తీసేస్తే రేపు నాలుగు కంపెనీలు పుట్టి, మన ఈదీ సెలవులతో సహా మునుగుతాయి. అమానత్ నిధి ఒక్కటే పెడితే ఉన్న పెద్దవాళ్లే ఇంకా పెద్దవాళ్లవుతారు. వోట్లకు వచ్చే ఎంపీ సాబ్‌ను ఈ రెండూ అడగండి.

ఈలోపు ఎవరైనా "మన ఎయిర్‌లైన్, హలాల్ మునాఫా" అంటూ షేర్లు పట్టుకుని గల్లీకి వస్తే మూడు సవాళ్లు వేయండి, భాయ్: లైసెన్సు చేతికి వచ్చిందా? సొంత పూంజీ ఎంత పెట్టావు? ఒక్క టికెట్ కూడా అమ్ముడుపోకపోతే ఎన్ని నెలల కిరాయి కట్టగలవు? జవాబు కాగితం మీద రాకపోతే, పదేళ్లు ఎండలో నిలబడి సంపాదించిన సొమ్మును ఇంట్లోనే ఉంచుకోండి.