ఓటు పెట్టె ఖర్చు ఊరి ఖాతా మీద వేయొద్దు

మొన్న డిసెంబరులో సర్పంచ్ ఎన్నికలకు రెండు రోజుల ముందు మా ఊరి బడికి వెళ్లాను. పంచాయతీ కార్యదర్శి దగ్గరుండి గదుల్లో ట్యూబ్‌లైట్లు బిగిస్తున్నాడు. ముసలివాళ్ల కోసం ర్యాంపు పోయించాడు. షామియానా, కుర్చీలు, తాగునీళ్ల డ్రమ్ములు కిరాయికి తెప్పించాడు. ‘ఈ బిల్లులన్నీ ఎవరు కడతారు సార్?’ అని అడిగాను. ‘ఇప్పటికైతే ఉద్దెరే అన్నా, ఖాతాలో ఏముందని!’ అన్నాడు. ఊళ్లో దాదాపు రెండేళ్లు సర్పంచ్ లేడు. ప్రత్యేకాధికారి అప్పుడప్పుడు వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం గ్రాంటు ఆగింది. అలాంటి ఊళ్లోనే ఎన్నిక జరపడానికి కార్యదర్శి దుకాణంలో అప్పు పెట్టాడు.

ఈ మాట రైతు సంఘం పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. పొలాల బాటకు మొరం పోయించాలన్నా, వాన పడితే తెగే కాలువ గట్టు గురించి తీర్మానం చేయాలన్నా, ఉపాధి పనుల జాబితాలో మన చెరువు పూడిక చేర్చాలన్నా పంచాయతీలో మన మనిషి ఉండాలి. ఆ మనిషి లేని రెండేళ్లు ఎలా గడిచాయో తెలంగాణ రైతులకు చెప్పనక్కర్లేదు. 2019 జనవరిలో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే, కొత్తవి రావడానికి 2025 డిసెంబరు దాకా పట్టింది. అక్కడ అడ్డు పడింది డబ్బు కాదు, బీసీ రిజర్వేషన్ల లెక్క. ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ డబ్బే అడ్డుగా మారిన సందర్భం మన పక్కనే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2018 ఆగస్టులో అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో 2020 అక్టోబరులో రాష్ట్ర ఎన్నికల సంఘం హైకోర్టుకెక్కింది. ప్రభుత్వం తమకు నిధులు విడుదల చేయడం లేదని, సహకరించడం లేదని ఫిర్యాదు చేసింది. నవంబరులో కోర్టు జోక్యం చేసుకుని, సంఘానికి సహకరించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. రాజ్యాంగంలోని 243కె అధికరణం పంచాయతీ ఎన్నికల బాధ్యతను ఒక స్వతంత్ర సంఘానికి అప్పగించింది. అవసరమైన సిబ్బందిని గవర్నర్ సమకూర్చాలని కూడా అందులోనే ఉంది. కానీ పైసల తాళం మాత్రం సచివాలయంలో ఉంది. ఎన్నిక ఇష్టం లేని ప్రభుత్వం ఆ తాళం తీయకుండా కూర్చుంటే స్వతంత్ర సంఘం చేయగలిగింది కోర్టు మెట్లెక్కడమే. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇంతే. అందుకే ఇక్కడ పార్టీ పేరు రాయడం లేదు.

ఇక అసలు సంగతి. పంచాయతీలకు కూడా ఓటింగ్ యంత్రాలు కొందామన్న మాట ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ వినపడుతుంది. ఇప్పటికైతే మన రెండు రాష్ట్రాల్లో ఊరి ఎన్నిక కాగితం మీదే నడుస్తోంది. సర్పంచ్‌కు గులాబీ రంగు బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్. దాని మీద అభ్యర్థి పేరు ఉండదు, గుర్తు మాత్రమే ఉంటుంది. అందువల్ల ఉపసంహరణలు అయ్యేదాకా ఆగకుండా ముందే అచ్చేసి పెట్టుకోవచ్చు. తెలంగాణలో మధ్యాహ్నం ఒంటిగంటకు ఓటింగ్ ఆగుతుంది, రెండింటికి అదే బడిలో లెక్క మొదలవుతుంది, చీకటి పడే వేళకు ఎవరు గెలిచారో ఊరికి తెలిసిపోతుంది. వంద ఓట్ల వార్డులో పది ఓట్ల తేడాకు కూడా ఏజెంట్లు ఒక్కో కాగితం ఎత్తి చూసి గొడవ పడతారు. ఆ గొడవ మంచిదే. ఓడినవాడు తన కళ్లతో చూసి ఇంటికెళ్తాడు.

యంత్రం చెడ్డదని నేననడం లేదు. కేరళలో గ్రామ, బ్లాకు, జిల్లా పంచాయతీలకు ఒకేసారి మూడు ఓట్లు వేసే యంత్రాలు వాడుతున్నారు. అక్కడ బాగానే నడుస్తోంది. కాకపోతే కొనేముందు లెక్క వేసుకోవాలి. ఎం3 రకం యంత్రం ధర సుమారు 17 వేల రూపాయలని కేంద్ర ఎన్నికల సంఘమే చెబుతుంది. వీవీప్యాట్ పెట్టె ఖర్చు వేరు. తెలంగాణలో లక్షకు పైగా వార్డులున్నాయి. వార్డుకొకటి అనుకుంటే లక్ష యంత్రాలకే 170 కోట్లు. మూడు విడతల్లో తిప్పి వాడితే మూడో వంతు చాలు. కానీ మొదటి విడతలో పడిన ఓట్ల వివరాలు కేసుల కోసం భద్రంగా ఉంచాలి కదా. దానికోసం ఊడదీసి దాచుకునే మెమరీ ఉన్న యంత్రం కావాలి.

ఆ మెమరీ దగ్గరే బిహార్ ఇరుక్కుంది. 2021లో అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం మన హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ నుంచి అలాంటి యంత్రాలు కొనాలనుకుంది. కేంద్ర ఎన్నికల సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వలేదు. వ్యవహారం పట్నా హైకోర్టుకు చేరింది. ఇంతలో కోవిడ్ రెండో అల వచ్చింది. జూన్‌లో ముఖియాల గడువు ముగిసిపోయింది. ఆర్డినెన్స్ తెచ్చి పరామర్శ కమిటీలు వేశారు. చివరికి వేరే రాష్ట్రాల నుంచి పాత యంత్రాలు తెచ్చుకుని, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 11 విడతల్లో ఎన్నికలు పూర్తి చేశారు. నాలుగు పదవులకు యంత్రం, గ్రామ కచేరీ పదవులు రెండింటికీ కాగితం. కొనడానికి సిద్ధపడ్డా పని జరగలేదు, అరువు యంత్రాలతో గట్టెక్కారు.

యంత్రాల కోసం ప్రభుత్వ సొమ్ము కుమ్మరించి, ఆ తర్వాత ఏమైందో పూర్తిగా చూసిన దేశం అమెరికా. అక్కడ ఎన్నికలు నడిపేది చాలా చోట్ల కౌంటీలు. కౌంటీ అంటే మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వం. రోడ్లు, జైళ్లు, ఎన్నికలు అన్నీ దాని బడ్జెట్‌లోంచే నడవాలి. 2000 సంవత్సరంలో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా దేశాధ్యక్షుణ్ని తేల్చింది. అప్పటి ఓటు కాగితాలు చిల్లులు పొడిచేవి. చిల్లు సరిగ్గా పడిందా లేదా అని వారాల తరబడి తగాదా నడిచింది. ఆ అవమానంతో 2002 అక్టోబరులో ‘హెల్ప్ అమెరికా వోట్ యాక్ట్’ తెచ్చారు. రాష్ట్రాలకు 300 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చారు. పాత చిల్లుల యంత్రాలు, మీటల యంత్రాలు తీసేయడానికి గడువు పెట్టారు.

గడువు తరుముతుంటే, పైసలు చేతిలో ఉంటే ఏం జరుగుతుందో మనకు తెలుసు. మార్చి 31 లోపు సబ్సిడీ ఖర్చు చేయాలని వ్యవసాయ శాఖ యంత్రాలు అంటగట్టినట్టే అక్కడా జరిగింది. చాలా కౌంటీలు కాగితం ఆనవాలే లేని టచ్‌స్క్రీన్ యంత్రాలు కొన్నాయి. 2006లో ఫ్లోరిడాలోని సారసోటా కౌంటీలో కాంగ్రెస్ సీటుకు పోటీ జరిగింది. 18 వేల మంది దాకా మిగతా పదవులకు ఓటు వేసి, ఆ సీటుకు మాత్రం వేయనట్టు యంత్రం చూపించింది. గెలిచిన తేడా 369. మళ్లీ లెక్కిద్దామంటే లెక్కించడానికి ఏమీ లేదు. మరుసటి ఏడే ఫ్లోరిడా టచ్‌స్క్రీన్లు పక్కనపెట్టి కాగితం బ్యాలెట్‌కు తిరిగొచ్చింది. నాలుగైదేళ్ల కింద కొన్న సామాను అటక ఎక్కింది. జార్జియా రాష్ట్రం మాత్రం కాగితం లేని యంత్రాలనే 2002 నుంచి 2019 దాకా ఈడ్చింది. చివరికి ఫెడరల్ కోర్టు ఇక చాలంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. కొనడానికి ఒకసారి ఇచ్చారు, నడపడానికి ఇవ్వలేదు. 2010 తర్వాత కొత్త నిధులు ఆగిపోయాయి. 2018లో మళ్లీ 38 కోట్ల డాలర్లు ఇచ్చేదాకా బ్యాటరీలు, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్, గోదాము కిరాయి అన్నీ స్థానిక బడ్జెట్ల నెత్తినే పడ్డాయి. 2018 నిధులకు రాష్ట్రాలు 5 శాతం వాటా కలపాలన్నారు. ఆ తర్వాతి విడతకు అది 20 శాతమైంది. డబ్బున్న కౌంటీకి ఇది లెక్క కాదు, పేద గ్రామీణ కౌంటీకి గుదిబండ.

మన ఊళ్లలో సబ్సిడీ మీద వచ్చిన రొటవేటర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి రెండు సీజన్లు తిరిగాయి. బ్లేడ్లు అరిగాయి, గేర్‌బాక్స్ పోయింది. కొనడానికి సగం ఇచ్చిన శాఖ బాగుచేయడానికి పైసా ఇవ్వలేదు. ఇప్పుడవి చింతచెట్టు కింద కోళ్లకు నీడనిస్తున్నాయి. ఓటు యంత్రం ఆయుష్షు 15 ఏళ్లంటారు. పంచాయతీ ఎన్నిక ఐదేళ్లకోసారి. అంటే ఆయుష్షు మొత్తంలో మూడు సార్లు, పరిషత్ ఎన్నికలకు కూడా వాడితే ఆరు సార్లు పని. మిగతా రోజులంతా గోదాములో తాళం, కాపలా, చెదల మందు. ఇలాంటి సామాను ఎవరికి వారు కొనకూడదు. దుక్కి యంత్రాలకు కస్టమ్ హైరింగ్ సెంటర్ ఎందుకు పెట్టుకున్నామో దీనికీ అదే వర్తిస్తుంది. రాష్ట్రాల ఎన్నికల సంఘాలన్నిటికీ కలిపి కేంద్రం ఖర్చుతో ఒక ఉమ్మడి నిల్వ ఉంటే, ఎన్నిక ఉన్న రాష్ట్రం తీసుకుపోయి వాడుకుంటుంది. బిహార్ బతిమాలి తెచ్చుకున్నది అప్పుడు హక్కుగా వస్తుంది.

అది కూడా వీవీప్యాట్ ఉంటేనే. పార్లమెంటు ఓటరుకు చీటీ చూపించాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మహారాష్ట్ర స్థానిక ఎన్నికల యంత్రాలకు అది లేదు. పది ఓట్లతో తేలే వార్డుకు చీటీ అక్కర్లేదా? చీటీ చూపలేని యంత్రానికి 170 కోట్లు పెట్టేకంటే గులాబీ, తెల్ల కాగితాలే నయం. ఈ విషయంలో మన సంఘంలోనే వేరే అభిప్రాయం ఉన్న మిత్రులున్నారు. దొంగ ఓట్ల గుద్దుడు యంత్రంతో తగ్గుతుందని వారి వాదన. నిమిషానికి ఇన్ని ఓట్లే పడతాయి కాబట్టి అందులో నిజముంది. అందుకే యంత్రం వద్దనడం లేదు, తొందర వద్దంటున్నాను.

తొందరపడాల్సింది నిధుల విషయంలో. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో బాధ్యతలు తీసుకున్న పాలకవర్గాలకు 2026 ఏప్రిల్‌తో ఐదేళ్లు నిండుతాయి. ఎన్నికల ఖర్చును ఏటా కొంత చొప్పున రాష్ట్ర బడ్జెట్‌లో వేరు పద్దు కింద పక్కనపెట్టి, ఎన్నికల సంఘం పేరున జమ చేయాలి. ఆర్థిక శాఖ సంతకం లేకుండా సంఘం దాన్ని వాడుకోగలగాలి. బ్యాలెట్ పెట్టెలు, అచ్చు, రవాణా, గోదాము, రేపు యంత్రాలొస్తే వాటి మరమ్మతు, అన్నీ అందులోంచే. ట్యూబ్‌లైటు, ర్యాంపు, షామియానా కూడా. ఇంటిపన్ను కట్టిన సొమ్మును, తాగునీటికి, పారిశుద్ధ్యానికి వచ్చిన గ్రాంటును పోలింగ్ ఏర్పాట్లకు ముట్టకూడదు.

ఈ డిమాండ్‌కు మన దగ్గర కాగితం బలం కావాలి. గత ఎన్నికప్పుడు ఊరి ఖాతాలోంచి ఎంత పోయింది, కార్యదర్శి ఎంత అప్పు పెట్టాడు, అందులో ఎంత తిరిగొచ్చింది? గ్రామ కమిటీలు పంచాయతీ నగదు పుస్తకం నకలు కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు చేయాలి. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, 30 రోజుల గడువు. వచ్చిన నకళ్లను వచ్చే జిల్లా సమావేశానికి తీసుకురండి. మా ఊరి దరఖాస్తు ఈ వారమే ఇచ్చాను. అందుకున్నట్టు సంతకం పెట్టింది ఆ కార్యదర్శే. ఈసారి నవ్వలేదు, ‘తొందరగా అడగండన్నా’ అన్నాడు.