సాయం రెండేళ్లు నిలవాలి



తరగతిలో ఒక పిల్లవాడికి క్యాన్సర్ అని తెలిసిన రోజు మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. చేతులు జోడించిన బొమ్మలు, ఫోన్‌పే నంబరు, ఆసుపత్రి మంచం మీద పిల్లవాడి ఫొటో వరసగా వస్తాయి. వారంలో ఎంతో కొంత డబ్బు పోగవుతుంది. నెల తిరిగేసరికి గ్రూపులో మళ్లీ హోంవర్కు, యూనిట్ టెస్ట్ సిలబస్, బస్సు ఆలస్యం గురించిన మాటలే. ఎవరి మనసూ చెడ్డది కాదు. కానీ ఆ ఇంట్లో అసలు కష్టం అప్పటికి ఇంకా మొదట్లోనే ఉంటుంది. మన సాయం కూడా చికిత్స ఎంత కాలమో అంత కాలం నడవాలని నా అభిప్రాయం.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఏఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్. దీనికి చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. మొదటి నెల మందులకే చాలామంది పిల్లల్లో వ్యాధి పరీక్షలకు కనిపించనంతగా తగ్గిపోతుంది. బిడ్డ నవ్వుతాడు, అన్నం తింటాడు. "బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఆ మందులెందుకు?" అని చుట్టాలు మొదలుపెట్టేది అప్పుడే. దాగి ఉన్న కణాలను పూర్తిగా తుడిచిపెట్టడానికే మిగతా రెండేళ్ల మందులు. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతికి బయటపడుతున్నారు. పేద దేశాల్లో ఆ సంఖ్య బాగా తక్కువగా ఉండడానికి, చికిత్స మధ్యలో మానేయడం కూడా ఒక ముఖ్య కారణం. కనీసం 60 శాతం మందినైనా 2030 నాటికి కాపాడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది.

మానేయడానికి మందుల ఖర్చు ఒక్కటే కారణం కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ అర్హులైన వారికి అండగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. కానీ ఆసుపత్రి దగ్గర గది అద్దె, ఆటో చార్జీలు, బయట తిండి, తండ్రి పోగొట్టుకున్న జీతం ఏ కార్డులోకీ రావు. అందుకే ఒకేసారి పదివేలు ఇచ్చే బదులు, నెలకు ఐదు వందల చొప్పున రెండేళ్లు ఇస్తామని ఇరవై కుటుంబాలు మాటిస్తే ఆ ఇంటికి ప్రతి నెలా పదివేలు అందుతాయి. అద్దెకు, ఆటోలకు భరోసా దొరుకుతుంది.

డబ్బు కన్నా ముందు కావలసింది రక్తం. కీమో మందులు రక్తకణాలను తగ్గించేస్తాయి. రక్తం, ప్లేట్‌లెట్లు పదే పదే ఎక్కించాల్సి వస్తుంది. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి, ముప్పై మంది దాతలు ఒకేరోజు వెళ్లినా అందరి ప్లేట్‌లెట్లూ అక్కరకు రావు. గ్రూపులో ఒకరు పూనుకుని, ఎవరిది ఏ బ్లడ్ గ్రూపో, ఎవరు ఏ వారం వెళ్లగలరో ఒక జాబితా రాసి పెడితే చాలు. అర్ధరాత్రి దాత కోసం ఆ తండ్రి పరిచయం లేనివాళ్లకు ఫోన్లు చేసే అవసరం తప్పుతుంది.

ఇక అందరూ చేయగలిగినదీ, పైసా ఖర్చు లేనిదీ ఒకటుంది. కీమోలో ఉన్న బిడ్డకు రోగాన్ని ఎదుర్కొనే శక్తి తక్కువ. మన పిల్లలకు వారంలో తగ్గిపోయే ఆటలమ్మ, తట్టు ఆ బిడ్డకు ప్రాణాంతకం కావచ్చు. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందే ఇతరులకు అంటుకుంటుంది. కొన్ని ఇళ్లలో "అమ్మవారు పోసింది" అని బయటకు చెప్పడానికి మొహమాటపడతారు. దయచేసి ఆ మొహమాటం వదిలేయండి. అదే రోజు క్లాస్ టీచర్‌కు చెప్పండి. వెంటనే తెలిస్తే ఆ బిడ్డకు డాక్టర్లు ముందుజాగ్రత్త మందు ఇవ్వగలరు. మీ పిల్లల టీకాలన్నీ పడ్డాయో లేదో ఒకసారి కార్డు తీసి చూడండి.

ఇక్కడే మేనేజ్‌మెంట్‌కు కూడా ఒక విన్నపం. ఏటా వార్షికోత్సవంలో మనం "నూరు శాతం అటెండెన్స్" సర్టిఫికెట్లు ఇస్తున్నాం. దాని కోసం జ్వరం ఉన్నా పారాసిటమాల్ వేసి బస్సెక్కించే ఇళ్లు ఎన్నో మనందరికీ తెలుసు. క్రమశిక్షణ అలవడుతుందన్న వాదన నేను కాదనను. కానీ క్రమశిక్షణను మెచ్చుకోవడానికి వేరే దారులున్నాయి. జబ్బుతో బడికి వచ్చిన పిల్లవాడిని వేదిక మీదకు పిలిచి చప్పట్లు కొట్టడం, పక్క బెంచీలో కూర్చున్న మరో బిడ్డకు ముప్పు తెచ్చే పని. ఆ సర్టిఫికెట్ ఈ ఏడాదితో ఆపేయాలని కోరుతున్నాను.

బడి చేయవలసినవి ఇంకా ఉన్నాయి. నెలల తరబడి రాకపోయినా రిజిస్టర్‌లో పేరు తీసేయకూడదు, సెక్షన్ మార్చకూడదు. ఫీజు గడువు గురించి ఆ ఇంటికి ఆటోమేటిక్ మెసేజ్‌లు వెళ్లకుండా చూడాలి. రోగనిరోధక శక్తి కుదుటపడి, ఇంట్లో మాత్రలతో నడిచే దశకు వచ్చాక చాలామంది పిల్లలు డాక్టర్ అనుమతితో బడికి రాగలరు. అప్పుడు జుట్టు లేకపోవచ్చు. స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బి ఉండవచ్చు. "ఇది అంటుకునే జబ్బు కాదు, వాడు మన పాత స్నేహితుడే" అని మీ పిల్లలకు ముందుగానే ఇంట్లో చెప్పి పంపండి. క్లాసులో టీచర్ చెప్పే మాట కన్నా రాత్రి భోజనాల దగ్గర అమ్మానాన్నలు చెప్పే మాట బలంగా పనిచేస్తుంది.

ఆ ఇంట్లో రెండో బిడ్డ కూడా ఉంటుంది. అమ్మ ఆసుపత్రిలో, నాన్న ఉద్యోగంలో ఉంటే ఆ పిల్లకు జడ వేసేవారు, బస్ స్టాప్‌లో నిలబడేవారు ఎవరు? సాయంత్రం రెండు గంటలు మీ ఇంట్లో కూర్చుని హోంవర్కు చేసుకోమనండి. టిఫిన్ బాక్సు మీ అమ్మాయిదానితో పాటు మరొకటి కట్టండి.

చివరగా కొన్ని చేయకూడనివి. తల్లిదండ్రులు సరే అననిదే బిడ్డ ఫొటో ఎక్కడా పంపకండి. ఫొటో ఉంటేనే డబ్బు వస్తుందని అంటారు. కావచ్చు. కానీ ఆ బిడ్డ కోలుకుని పదో తరగతికి వచ్చాక కూడా ఆ ఫొటో ఎవరో ఒకరి ఫోనులో ఉంటుంది. ఆకు పసర్లు, నాటు వైద్యాల వీడియోలు పంపకండి. "ఎలా వచ్చింది?" అని అడగకండి. చాలా సందర్భాల్లో దానికి జవాబు డాక్టర్ల దగ్గర కూడా ఉండదు, తల్లి మాత్రం తప్పంతా తనదే అనుకుంటుంది. "ఏమైనా కావాలంటే చెప్పండి" అని కూడా వదిలేయకండి. అడగడానికి వాళ్లకు నోరు రాదు. "గురువారం రాత్రికి చపాతీలు పంపిస్తున్నాను, ఎంతమంది ఉంటారు?" అని అడగండి.

ఈ నెల పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల మాట అయ్యాక పది నిమిషాలు ఆగండి. ప్రతి సెక్షన్‌లో ఒక దాతల జాబితా రాద్దాం. ఆ పది నిమిషాల పని రేపు ఏ ఇంటికి అవసరమవుతుందో ఎవరికీ తెలియదు.

— ఒక సాటి తల్లి