ఎంతమంది చూశారు?

మీరు టీవీ చూస్తారు కదా. నిన్న రాత్రి మీరు చూసిన కార్యక్రమాన్ని దేశం మొత్తం మీద ఎంతమంది చూశారో ఎవరైనా చెప్పగలరా? చెప్పగలమనే వాళ్ళు ఉన్నారు. ఆ లెక్కలు క్రమం తప్పకుండా తయారవుతాయి. వాటిని బట్టే సబ్బుల కంపెనీలు, టూత్‌పేస్టు కంపెనీలు ఏ సీరియల్ మధ్యలో ప్రకటన ఇవ్వాలో నిర్ణయించుకుంటాయి. అప్పుడప్పుడు ఆ లెక్కలతో పాటు "ప్రపంచ రికార్డు" అన్న మాట కూడా వార్తల్లోకి వస్తుంది. ఆ మాటను మనం ఎంతవరకు నమ్మాలి?

ఈ ప్రశ్న నాకు సొంతంగా తట్టింది కాదు. కొన్నేళ్ళ క్రితం సూరత్ వెళ్ళినప్పుడు ఒక అభ్యాసకురాలు అడిగింది. సూరత్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు అక్కడ తరతరాలుగా మరమగ్గాల మీద బతుకుతున్నాయి. సిరిసిల్లలో సాంచెలని పిలిచే మగ్గాలే ఇవి. పగటి పాళీ పన్నెండు గంటలు, రాత్రి పాళీ పన్నెండు గంటలు. నగర పాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అయినా చిన్నప్పుడే చదువు ఆపేసి పనిలో చేరిన వాళ్ళకు కొదవ లేదు. అలాంటి పెద్దలు కొందరు లింబాయత్‌లో ఒక ఇంట్లో సాయంత్రం పూట కలిసి చదువుకుంటున్నారు. వారితో మాట్లాడడానికి వెళ్ళాను.

ఆ రోజు మా పాఠం పెద్ద సంఖ్యల గురించి. లక్షలు, కోట్లు, దశాంశాలు. ఉదాహరణకు ఏదైనా పెద్ద సంఖ్య చెప్పండి అన్నాను. ఇంట్లో కూర్చొని చీరలకు లేసు కుట్టే ఒకామె వెంటనే, "మేడమ్, లాక్‌డౌన్‌ల రామాయణం ఒక్క దినం ఏడు కోట్ల డెబ్బై లక్షల మంది చూసిండ్రట గదా. అండ్ల మేమున్నమా?" అంది. వాళ్ళ గదిలో టీవీ లేదట. పక్కింట్లో ఏడుగురు కూర్చొని చూశారట.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ రోజు చెప్పవలసిన జవాబును ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

రామానంద్ సాగర్ తీసిన రామాయణం సీరియల్ మొదటిసారి 25 జనవరి 1987న దూరదర్శన్‌లో మొదలై 31 జూలై 1988 వరకు సాగింది. ప్రతి ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు వచ్చేది. సూరత్ వాళ్ళకు దీనితో ఒక దగ్గరితనం కూడా ఉంది. ముంబయి వైపు రైలెక్కితే వాపి, సంజాన్ దాటాక ఉమర్‌గాంవ్ స్టేషన్ వస్తుంది. ఆ సీరియల్ చిత్రీకరణ జరిగింది ఆ ఊళ్ళోనే. రావణుడి వేషం వేసిన అరవింద్ త్రివేది గుజరాతీ నటుడు. ఆయన 1991లో సాబర్‌కాంఠా నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. సీత వేషం వేసిన దీపిక కూడా అదే ఏడాది వడోదర నుంచి గెలిచారు. సీరియల్‌ను జనం ఎంతగా చూశారో తెలుసుకోవడానికి నా దృష్టిలో ఇది ఏ మీటరు లెక్కకూ తీసిపోని ఆధారం.

అప్పుడు నాకు ఏడేళ్ళు. మా వీధిలో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. ఆదివారం ఆ ఇంటి ముందు గదిలో చాప పరిచేవారు. పిల్లలం ముందు, ఆడవాళ్ళు వెనక, మగవాళ్ళు కిటికీ బయట. మాలో హిందీ వచ్చిన వాళ్ళు ఎవరూ లేరు. కథ అందరికీ తెలుసు కాబట్టి భాష అడ్డం రాలేదు. ఆ ఇంటి టీవీ ముందు ఎంతమంది ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు. దేశం మొత్తం మీద ఎనిమిది నుంచి పది కోట్ల మంది చూసి ఉంటారని తరవాత అంచనాలు వచ్చాయి. అంచనా అంటే అంచనానే.

ఇక 2020 సంగతి చూద్దాం. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ అమలైంది. మార్చి 28 నుంచి దూరదర్శన్ రామాయణాన్ని తిరిగి ప్రసారం చేసింది. ఏప్రిల్ 16న దాన్ని 7.7 కోట్ల మంది చూశారని, ప్రపంచంలోకెల్లా అత్యధికులు చూసిన వినోద కార్యక్రమం ఇదేనని ఏప్రిల్ 30న దూరదర్శన్ ప్రకటించింది. పత్రికలన్నీ రాశాయి.

అంత సంఖ్య ఎలా తేలింది? మన దేశంలో ఈ లెక్కలు తీసే సంస్థ పేరు బార్క్. అది అందరి ఇళ్ళకూ వెళ్ళి అడగదు. ఆ రోజుల్లో సుమారు 44 వేల ఇళ్ళలో మీటర్లు పెట్టింది. ప్రతి ఛానల్ తన శబ్దంలో చెవికి వినిపించని ఒక గుర్తును కలిపి పంపుతుంది. మీటరు ఆ గుర్తును పట్టి, ఏ ఛానల్ నడుస్తోందో రాసుకుంటుంది. చూస్తున్నది ఎవరో చెప్పడానికి ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో బొత్తాం ఉంటుంది. అప్పటికి దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు సుమారు 21 కోట్లు. భాగహారం చేసి చూడండి. ఒక్కొక్క మీటరు ఇల్లు దాదాపు 4,800 ఇళ్ళ తరఫున సాక్ష్యం చెబుతుందన్న మాట.

ఇది మోసం కాదు. అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి గిన్నెంతా తినక్కరలేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలు. కాని ఆ మెతుకు ఎక్కడి నుంచి తీశామన్నది ముఖ్యం. అడుగున అన్నం మాడితే పైమెతుకుకు తెలియదు. మీటరు ఉండేది ఇంట్లో, అదీ టీవీ ఉన్న ఇంట్లో. టీ కొట్టు ముందు నిలబడి చూసేవాడు, పదిమంది పంచుకునే గదిలో ఒకరి ఫోను చుట్టూ మూగి చూసే కార్మికులు అందులోకి రారు. పక్కింటి నుంచి వచ్చి కూర్చున్న అతిథి కూడా, ఆ ఇంట్లో మీటరు ఉంటేనే, బొత్తాం నొక్కితేనే లెక్కకు వస్తాడు. లింబాయత్‌లో నేను అడిగిన వాళ్ళలో మీటరు ఉన్న ఇంటిని చూసినవారు ఒక్కరూ లేరు. అడిగిన ఆమె ఆ 7.7 కోట్లలో ఉందా అంటే, ఆమె తరఫున ఎక్కడో ఎవరో బొత్తాం నొక్కి ఉండవచ్చు. అంతే.

మరి ప్రపంచ రికార్డు మాటేమిటి? అది నిలవలేదు. అమెరికాలో మ్యాష్ అనే సీరియల్ చివరి భాగం 28 ఫిబ్రవరి 1983న వచ్చింది. దాన్ని సుమారు 10.6 కోట్ల మంది చూశారు. అప్పటికి ఆ దేశ జనాభా 23 కోట్లు. అంటే దాదాపు సగం దేశం. చైనాలో కొత్త సంవత్సరం ముందురాత్రి వచ్చే వినోద కార్యక్రమానికి ఇంకా చాలా పెద్ద అంకెలు చెబుతారు. ఈ సంగతిని అప్పుడే కొన్ని పత్రికలు బయటపెట్టాయి. కాని మొదటి వార్త చేరినంత దూరం దిద్దుబాటు చేరదు. సూరత్‌లో ఆమెకు రికార్డు వార్త తెలుసు, దిద్దుబాటు తెలియదు.

పెద్ద అంకెలను పక్కపక్కన పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. 23 ఆగస్టు 2023న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పుడు ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షలకు పైగా చూశారు. అదే ఏడాది నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ క్రికెట్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. అయితే చంద్రయాన్‌ను తక్కువమంది చూశారనాలా? అది ఒక్క యూట్యూబ్ ఛానల్‌లో ఒక్క క్షణపు లెక్క. టీవీల్లో చూసినవారు వేరు. బడి హాలులో మూడు వందల మంది పిల్లలు ఒక్క తెర మీద చూస్తే అక్కడ పడేది ఒకటే అంకె. గజాలనూ కిలోలనూ ఒకే త్రాసులో పెట్టలేం. 1969లో మనిషి చంద్రుడి మీద కాలు మోపడాన్ని 60 కోట్ల మందికి పైగా చూశారంటారు. అప్పుడు మన దేశంలో టీవీ ఢిల్లీలో తప్ప లేదు. సూరత్ వాళ్ళకు, వరంగల్ వాళ్ళకు ఆ వార్త చెప్పింది రేడియో, పత్రికలే.

ఇంతవరకు చెప్పింది లెక్కల సంగతి. నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే ఉంది.

ఆ 2020 ఏప్రిల్‌లో మనవాళ్ళు అందరికంటే ఎక్కువగా చూసింది రామాయణం కాదు. మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి లాక్‌డౌన్ ప్రకటించిన ప్రసంగాన్ని 19.7 కోట్ల మంది చూశారని అదే బార్క్ చెప్పింది. ఏప్రిల్ 14న లాక్‌డౌన్‌ను పొడిగించిన ప్రసంగాన్ని 20.3 కోట్ల మంది చూశారు. ఈ ప్రసంగాలు రెండు వందల దాకా ఛానళ్ళలో ఒకేసారి వచ్చాయి, నిజమే. అయినా చూసినవాళ్ళు ఛానళ్ళు మార్చే తీరిక ఉండి చూడలేదు. రేపు పని ఉంటుందా, రైలు నడుస్తుందా, ఇంటి కిరాయి ఎలా కట్టాలి అన్న బెంగతో చూశారు. రామాయణం చూసిన తల ఒకటి, ప్రసంగం చూసిన తల ఒకటి. ఏ తలలో ఏముందో మీటరుకు తెలియదు. అంతమంది చూశారంటే అంతమందికి నచ్చిందని అర్థం చేసుకునే వాళ్ళతో నేను ఏకీభవించను.

సూరత్‌లో ఏం జరిగిందో చూడండి. ఏప్రిల్ 10 రాత్రి లస్కాణా ప్రాంతంలో వందలాది మంది కార్మికులు రోడ్డు మీదికి వచ్చారు. ఎక్కువమంది ఒడిశా వాళ్ళు. మా జీతాలు ఇప్పించండి, మమ్మల్ని ఊళ్ళకు పంపండి అన్నారు. తోపుడు బళ్ళు తగలబడ్డాయి, అరెస్టులు జరిగాయి. ఏప్రిల్ 14న ప్రసంగం విన్న తరవాత వరాఛా ప్రాంతంలో మళ్ళీ గుమిగూడారు. ఇది జరిగిన రెండు రోజులకే, ఏప్రిల్ 16న, మన "రికార్డు" రోజు. ఇళ్ళలో ఉన్నవాళ్ళు హాయిగా సీరియల్ చూస్తున్నారని ఆ అంకె చెప్పింది. మగ్గాలు ఆగిపోయి, మెస్సులు మూతపడి గదుల్లో చిక్కుకున్నవాళ్ళ గురించి అది ఏమీ చెప్పలేదు. చెప్పడం దాని పని కాదు కూడా. కాని ఆ అంకెను పండుగలా ప్రకటించిన మరునాడే, మే 1న, తెలంగాణలోని లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అలాంటి రైళ్ళలో మొత్తం 63 లక్షల మంది ఊళ్ళు చేరారని ప్రభుత్వం లెక్క చెప్పింది. నడిచి బయలుదేరినవాళ్ళకు అలాంటి లెక్క లేదు. దారిలో ఎంతమంది వలస కార్మికులు చనిపోయారన్న ప్రశ్నకు తమ వద్ద సమాచారం లేదని 2020 సెప్టెంబరులో కార్మిక మంత్రిత్వ శాఖ పార్లమెంటుకు తెలిపింది. సీరియల్ చూసినవారిని దశాంశం వరకు లెక్కించిన దేశంలో ఇది జరిగింది.

టీవీ అంటేనే ఇంతే అని అనుకోకండి. 1 ఆగస్టు 1975 నుంచి ఒక ఏడాది పాటు మన దేశంలో ఒక ప్రయోగం జరిగింది. దాని పేరు సైట్. అమెరికా ఉపగ్రహాన్ని వాడుకుని, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో ఊరికొక టీవీ పెట్టారు. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తెలుగు పల్లెలకు కార్యక్రమాలు పైకి వెళ్ళింది గుజరాత్‌లోని అహ్మదాబాద్ భూకేంద్రం నుంచే. అదే గుజరాత్‌లో ఖేడా జిల్లా పీజ్ గ్రామంలో ఒక చిన్న ప్రసార కేంద్రం ఉండేది. కూలి రేట్లు, వడ్డీ బాధలు, పాల వ్యాపారం, ఇవే అక్కడి కథలు. ఊరివాళ్ళే నటించేవారు. కార్యక్రమం తయారుచేసే ముందు జనాన్ని అడిగేవారు, చూపించాక మళ్ళీ వెళ్ళి అర్థమైందా అని అడిగేవారు. ఈ పనికి 1984లో యునెస్కో బహుమతి వచ్చింది. చూసినవారి సంఖ్యలో అది ఏ రికార్డుకూ దరిదాపుల్లోకి రాదు. నాకు మాత్రం లక్ష మంది బొత్తాలు నొక్కడం కంటే ఒక మనిషి వచ్చి "నీకేం అర్థమైంది?" అని అడగడం ఎక్కువగా కనిపిస్తుంది. ఇది ఉపాధ్యాయుల పక్షపాతం అని మా సహోద్యోగి ఒకాయన నవ్వుతారు. కావచ్చు.

సూరత్‌లో ఆ సాయంత్రం పాఠం ముందుకు సాగలేదు. లాక్‌డౌన్ రోజుల్లో మీరు టీవీలో ఏం చూశారో, ఎక్కడ కూర్చొని చూశారో నాలుగు వాక్యాలు రాయమన్నాను. లేసు కుట్టే ఆమె రెండే రాసింది. పక్కింట్లో రామాయణం చూశామని ఒకటి. మోడీ గారి మాటలు మా తమ్ముని ఫోనుల చూసి, అమ్మకు ఫోను చేసి, ఇప్పట్ల రామని చెప్పినమని ఇంకొకటి. ఆ కాగితం నా దగ్గరే ఉంది.