పలకమీది వ్రాత

మార్కాపురపు పలకలపై అక్షరములు దిద్దిన తరము నేడు వృద్ధాప్యమున నడుగిడుచుండగా, హనుమంతునిపాడు అరుగుమీద మనుమని పేరు మరచిన తాతను చూచి ముసలితనము గదా యని సరిపెట్టుకొనుట నాకు సమ్మతము గాదు; అది డిమెన్షియా యను మతిమరపు వ్యాధియు కావచ్చును. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి బృందము 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించినదానినిబట్టి, రెండు భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి సుమారు 4.5 సంవత్సరములు ఆలస్యముగా పొడసూపినది. చదువురానివారియందును ఈ భేదము కానవచ్చినదట! బడిమెట్లెక్కని మన అవ్వకును ఆశ కలదన్నమాట.

రక్తపుపోటు, మధుమేహము, వినికిడిలోపము, ఒంటరితనము మొదలగు 14 కారణములను సరిదిద్దినచో దాదాపు 45 శాతము డిమెన్షియా కేసులను నివారించుటయో, వాయిదా వేయుటయో సాధ్యము కావచ్చునని 2024లో లాన్సెట్ వైద్యపత్రిక సంఘము పలికినది. పిల్లలు వలసపోయిన యింట, చెవి వినబడని అవ్వతో మాటలాడువారెవరు? నెల మొదట పింఛను గడపకే చేర్చు ప్రభుత్వము, ఆ గడపలోనే ఆమె చెవిని, రక్తపుపోటును ఏల పరీక్షింపరాదు?