బిడ్డ ఎక్కడికి పోతే టీకా లెక్క అక్కడికి పోవాలి

చొప్పదండి పట్టణం, ఆర్నకొండ, రుక్మాపూర్‌, గుమ్లాపూర్‌, కాట్నపల్లి, మండలంలోని అన్ని ఊర్ల తల్లిదండ్రులకు, ప్రజాప్రతినిధులకు, వైద్య సిబ్బందికి విన్నపం



మా ఇంట్లో జరిగింది చెప్తాను. నా బిడ్డ మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. కాన్పు కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో అయింది. పుట్టినప్పటి టీకాలు ఆ దవాఖాన ఫైల్లో రాశారు. నెలన్నర సూది, రెండున్నర నెలల సూది ఇక్కడి నర్సమ్మ వేసి కార్డులో రాసింది. మూడో నెల వెళ్లగానే తల్లీపిల్లలను జగిత్యాల అవతల అత్తగారింటికి సాగనంపాం. కార్డు మాత్రం మా ఇంట్లో బట్టల సంచిలోనే ఉండిపోయింది. తొమ్మిదో నెలలో అక్కడి నర్సమ్మ అడిగితే “అన్నీ వేసిన్రు” అన్నది నా బిడ్డ. కార్డు తెప్పించి చూస్తే మూడున్నర నెలల గడి ఖాళీ! ఆ ఊర్లో వేసి ఉంటారని ఈ ఊరు, ఈ ఊర్లో వేసి ఉంటారని ఆ ఊరు అనుకున్నాయి.

టీకా వద్దన్న తల్లిని నేను మన మండలంలో చూడలేదు. సూది తప్పుతున్నది ఊరు మారినప్పుడు.

2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఏడాది నిండి రెండేళ్లలోపున్న తెలంగాణ పిల్లల్లో నూటికి దాదాపు 79 మందికే ప్రాథమిక టీకాలు పూర్తయ్యాయి. కార్డు లేనిచోట తల్లి గుర్తుచేసుకొని చెప్పిందే ఆ సర్వే లెక్కలోకి తీసుకుంది. కానీ బాలింతకు ఎన్నని గుర్తుంటాయి? 6, 10, 14 వారాలకు పెంటా, పోలియో చుక్కలు, రోటా, మధ్యలో పోలియో సూది, న్యుమోనియా టీకా. ఆమెకు గుర్తుండేది పిల్ల ఏ రాత్రి జ్వరంతో ఏడ్చిందన్నదే.

కొన్ని టీకాల గడువు దాటితే మళ్లీ రాదు. హెపటైటిస్‌-బి మొదటి సూది పుట్టిన 24 గంటల్లోపు పడాలి. తల్లి నుంచి కాన్పులో ఆ వైరస్‌ సోకిన పసిబిడ్డల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. ఈ టీకాను దేశంలో మొదట తయారుచేసింది మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌, 1997లో. మన దగ్గర తయారైన మందు మన బిడ్డకు పడిందో లేదో చెప్పే కాగితం లేకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

2017లో వచ్చిన కేసీఆర్‌ కిట్‌ పథకంలో, సర్కారు దవాఖానలో కాన్పు అయిన తల్లులకు ఇచ్చే డబ్బుల విడతలను టీకాలకు ముడిపెట్టారు. అప్పుడు చాలా ఇళ్లలో కార్డు బీరువాలోకి చేరింది. ప్రైవేటులో పుట్టిన పిల్లలకు ఆ ముడి ఉండేది కాదు.

కరోనా టీకా ఏ ఊర్లో వేయించుకున్నా కోవిన్‌లో కనబడింది. గల్ఫ్‌కు పోయే మన పిల్లలు ఆ ధ్రువపత్రం ఫోనులోనే చూపించారు. గర్భిణులకు, పిల్లలకు అదే తీరున యూ-విన్‌ వచ్చింది. కాన్పు ఏ దవాఖానలో అయినా, తల్లీపిల్లలు గడప దాటకముందే పుట్టినప్పటి టీకాలు అందులో ఎక్కించాలి, అందులో వచ్చే నమోదు నంబరు కార్డుపై రాసివ్వాలి. ఇది జిల్లా వైద్యాధికారులు ప్రైవేటు దవాఖానలకు తప్పనిసరి చేయాలి. బాలింత అత్తగారింటికి పోయేటప్పుడు ఇక్కడి నర్సమ్మ అక్కడి నర్సమ్మకు ఒక ఫోను చేయాలి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తాం కదా, మున్సిపాలిటీ, పంచాయతీలు ఆ జాబితాను నెలనెలా ఆశా కార్యకర్తకు ఇవ్వాలి. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాల పిల్లలు ఈ జాబితాలో ఉండరు. వాళ్లు దిగిన వారంలోనే నర్సమ్మ బట్టీకి పోయి పేర్లు రాసుకోవాలి. అంగన్‌వాడీలో, ఒకటో తరగతిలో చేర్చేటప్పుడు కార్డు చూడాలి, తప్పిన టీకా వేయించడానికే సుమా! కార్డు లేదని ఏ బిడ్డనూ బడి గడప దగ్గర ఆపొద్దు.

కార్డు పోయిందని సిగ్గుపడి దవాఖానకు పోకుండా ఉండకండి. రాత లేని టీకాను వేయనట్టే లెక్కగట్టి, వయసుకు తగినట్టు మళ్లీ వేస్తారు. దానివల్ల బిడ్డకు హాని లేదు.

ఈ బుధవారం టీకాల రోజు. రేషన్‌ కార్డు ఉన్నచోటే టీకా కార్డు ఉందేమో ఇవాళే వెతకండి. దొరికితే ఖాళీ గడులు చూసుకొని, దొరకకపోతే బిడ్డను ఎత్తుకొని, నర్సమ్మ దగ్గరికి రండి. నేనూ మా మనుమరాలి కార్డు పట్టుకొని అక్కడే ఉంటాను.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, చొప్పదండి